చెప్పాల్సినోళ్ళ మౌనం: పోక్సో చట్టాన్ని వాడ నుంచి చదవడం

పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి అనే చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం అని దాని పేరు. జనం నోట పోక్సో. అప్పటి నుంచి మండల కేంద్రాల్లో అవగాహన సదస్సులు జరుగుతూనే ఉన్నాయి. జడ్జిగారొస్తారు, సి.ఐ.గారొస్తారు, జ్యోతి ప్రజ్వలన చేస్తారు, చివర్లో గ్రూపు ఫోటో దిగుతారు. ఈ సదస్సులన్నింటి వెనక ఒకే నమ్మకం ఉంది. డాక్టర్లకు, టీచర్లకు, వార్డెన్లకు చట్టం తెలియక నోరు మెదపడం లేదు, తెలియజేస్తే మాట్లాడతారు అని. ఈ నమ్మకం తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం. కడప జిల్లాలో నేను చూసినంతలో, అందరికంటే బాగా తెలిసినవాళ్ళే ఊరుకున్నారు. వాళ్ళు ఎందుకు ఊరుకుంటారో చట్టం అడగలేదు. ఆ ప్రశ్న మనం అడగాలి.

ఒక హాస్టల్ సంగతి

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఆరు నుంచి పది దాకా హాస్టల్లో ఉండి చదివాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగే బస్సుల రూట్లో ఉండే హాస్టల్ అది. ఊరి పేరు చెప్పను. 2003 ప్రాంతంలో జరిగింది. నాకంటే రెండు తరగతులు చిన్నోడు ఒకడు అన్నం దగ్గర సరిగా కూచునేవాడు కాదు. పొద్దుగూకినాక స్టోరు రూము దిక్కు పొమ్మంటే ఏడ్చేవాడు. రాత్రిళ్ళు పక్క తడిపేవాడు, మేమంతా నవ్వేవాళ్ళం. వానికేదో అయిందని మొదట కనిపెట్టింది వంట చేసే అమ్మ. మా మాదిగామె, వేలిముద్ర మనిషి.

ఆమె వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని అడిగింది. వాడు చెప్పినాడు. హాస్టలుకు సరుకులు తోలే ఆసామి దగ్గర పనిచేసే మనిషొకడు. ఆమె ఆ రాత్రే వార్డెన్‌కు చెప్పింది. పొద్దున్నే పిల్లోన్ని తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. బడికి పోయి క్లాసు టీచరుకూ చెప్పింది. అంటే ఒక్క రోజులో ముగ్గురు చదువుకున్నవాళ్ళకు సంగతి తెలిసింది. డాక్టరు జ్వరానికి మాత్రలు రాసిచ్చినాడు. టీచరు "నీకెందుకమ్మా, వార్డెన్ సారు చూసుకుంటాడులే" అన్నాడు. వార్డెన్ పదిరోజుల్లో వంటామెను పనికి రావద్దన్నాడు. పిల్లోని జేజి వచ్చి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వాణ్ణి తీసుకుపోయింది. వాడు మళ్ళీ బడికి రాలేదు.

నేనూ ఎవరికీ చెప్పలేదు. పోక్సో 21వ సెక్షన్ ప్రకారం పిల్లలు చెప్పకపోతే అది నేరం కాదు. ఆ మినహాయింపుతో నా మనసు కుదుటపడలేదు, అది వేరే విషయం. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజు చెప్పింది అక్షరం రాని ఆమె. చెప్పనోళ్ళు ముగ్గురూ డిగ్రీలున్నోళ్ళు. కాబట్టి ఈ సమస్యకు అవగాహన లోపం అని పేరు పెట్టినప్పుడల్లా నాకు ఆ వంటామె గుర్తుకొస్తుంది.

దొంగనోటుకున్న విలువ

ఆ ముగ్గురి మీద అప్పుడు చట్టం పెట్టిన బాధ్యత ఏమిటి? 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 39వ సెక్షన్‌లో ఒక పట్టిక ఉండేది. ఆ పట్టికలో ఉన్న నేరం సంగతి తెలిస్తే మామూలు మనిషి కూడా పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పాలి. హత్య ఉంది. దోపిడీ, బందిపోటుతనం ఉన్నాయి. రాత్రిపూట ఇంట్లో చొరబడటం ఉంది. దొంగనోట్లున్నాయి. తిండి, మందుల కల్తీ ఉంది. అత్యాచారం లేదు. పెద్దవాళ్ళ మీద జరిగినా లేదు, పిల్లల మీద జరిగినా లేదు.

ప్రొద్దుటూరు బంగారానికి, పత్తికి పేరుపడ్డ ఊరు. రెండో బొంబాయి అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఊళ్ళో దొంగనోటు చూసినవాడు చట్టం ప్రకారం పోలీసుకు చెప్పాలి. చెరచబడ్డ బిడ్డను చూసిన డాక్టరు చెప్పనక్కర్లేదు. ఆస్తి ఉన్నోళ్ళకు ఏది ప్రమాదమో అది పట్టికలోకి ఎక్కింది. ఆస్తి లేనోళ్ళ పిల్లలకు ఏది ప్రమాదమో అది ఎక్కలేదు. అందుకే పోక్సో చట్టం చేసిన మార్పు చిన్నదేమీ కాదు. నా విమర్శ మొదలుపెట్టే ముందు ఆ మాట ఒప్పుకోవాలి.

19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరిగేటట్టుందని అనుమానం కలిగినా, ఎవరైనా సరే ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో స్థానిక పోలీసులకో చెప్పాలి. రుజువులు తీసుకుపోవాల్సిన పనిలేదు. పోలీసులు దానికి ఎంట్రీ నెంబరు వేసి రాసుకోవాలి, రాసింది చెప్పినవారికి చదివి వినిపించాలి. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. 20వ సెక్షన్ లాడ్జీలు, హోటళ్ళు, ఆసుపత్రులు, స్టూడియోలు, పత్రికల వాళ్ళ కోసం. పిల్లలను లైంగికంగా వాడుకునే సామగ్రి ఏది కంటబడినా వాళ్ళు చెప్పాలి. 21వ సెక్షన్ ప్రకారం చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసేవాళ్ళు చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. ఫిర్యాదు రాసుకోని పోలీసుకు కూడా అదే ఆర్నెల్ల శిక్ష ఉందని సదస్సుల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆసుపత్రుల మీద ఇంకో బాధ్యత 2013లో వచ్చింది. ప్రభుత్వాసుపత్రయినా ప్రైవేటయినా బాధితులకు వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసులకు చెప్పాలి. వైద్యం చేయకపోతే ఏడాది దాకా శిక్ష. 2024 జులై 1 నుంచి కొత్త సంహితలు వచ్చినాక కూడా ఆ నిబంధన ఉంది. 2020 పోక్సో నియమాల ప్రకారం అత్యవసర వైద్యానికి ముందు పోలీసు కాగితం తెమ్మని అడగకూడదు. ఇదీ చట్టం. ఇక వాడలో నిలబడి దీన్ని చదువుదాం.

ఎవరు ముందు చూస్తారు, ఎవరి పని పోతుంది

19వ సెక్షన్‌లో 'ఎవరైనా' అనే మాట ఉంది. వినడానికి సమానత్వంలాగా ఉంటుంది. కానీ ఈ జిల్లాలో బిడ్డ ఒంటిని, బిడ్డ భయాన్ని ముందు చూసేది ఎవరు? హాస్టల్లో వంటామె, ఆయా. వాడలో అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. జ్వరమొస్తే మొదట చూసేది ఆర్ఎంపీ. 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినాక ఈ వరసలోకి మహిళా పోలీసు కూడా చేరింది. వీళ్ళలో చాలామంది మన ఆడవాళ్ళు. గౌరవవేతనం మీద బతికేవాళ్ళు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళు, రేపు వద్దంటే పోవాల్సినవాళ్ళు. హెడ్‌మాస్టరు, మెడికల్ ఆఫీసరు, వార్డెన్, నర్సింగ్‌హోం యజమాని ఈ వరసలో చివర వస్తారు. వాళ్ళకు సంగతి చేరేది కింది మనిషి చెబితేనే.

19వ సెక్షన్ ఏడో ఉపసెక్షన్ ఒక రక్షణ ఇచ్చింది. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ కేసుగానీ క్రిమినల్ కేసుగానీ నిలబడదు. బాగుంది. అయితే వంటామె మీద ఎవరూ కేసు పెట్టలేదు గదా! "రేపట్నుంచి రావద్దు" అన్నారు, అంతే. ఆ మాట నుంచి కాపాడే వాక్యం చట్టంలో లేదు. చెప్పినందుకు పని తీసేయకూడదు, బదిలీ చేయకూడదు, బిల్లు ఆపకూడదు అని ఎక్కడా లేదు. పర్మనెంటు ఉద్యోగికి కేసు భయమే పెద్ద భయం. కూలి మీద బతికే మనిషికి పని పోతుందనేదే పెద్ద భయం. చట్టం మొదటి భయాన్ని ఊహించగలిగింది, రెండోదాన్ని ఊహించలేకపోయింది. రాసినవాళ్ళు ఎవరి జీవితం ఎరిగినవాళ్ళో ఇక్కడ తెలిసిపోతుంది.

దీని ఫలితం ఎట్లుంటుందంటే, సంగతి బయటపడిన రోజు "నీకు ముందే తెలుసు గదా, ఎందుకు చెప్పలేదు" అని అడిగేది ఆయానే. పైవాళ్ళు "మా దృష్టికి రాలేదు" అని ఒక కాగితం రాసిచ్చి బయటపడతారు. 'దృష్టికి రాలేదు' అనేది మన ఆఫీసుల్లో అన్నింటికంటే బలమైన రక్షణ. చెప్పినప్పుడు కాగితం పుట్టదు కాబట్టి ఆ మాట అబద్ధమని నిరూపించలేం.

రాజీ అనే సంస్థ

మౌనానికి ఇంకో కారణం రాజీ. మాలో ఎవరికైనా బిడ్డ విషయంలో ఇట్లాంటిది జరిగితే ముందు ఇంటికొచ్చేది పెద్దమనుషులు. "రేపు పిల్లకు పెండ్లి చేయల్ల గదా", "ఈ ఊర్లో బతకల్ల గదప్పా", ఈ రెండు మాటలు చాలు. తర్వాత డబ్బు సంగతి. కొన్నిచోట్ల చేసినవానికే పిల్లనిచ్చి పెండ్లి చేసే సంగతి. ఫ్యాక్షన్ రాజకీయాలు నడిచిన ప్రాంతంలో ఈ పెద్దమనుషుల వ్యవస్థ పోలీసుస్టేషన్ కంటే పాతది, బలమైనది. మా జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో బాంబులు తగ్గినాయేమో గానీ, ఎవరి మాట మీద ఎవరు కేసు పెట్టాలి, ఎవరు వెనక్కి తీసుకోవాలి అనే కట్టుబాటు తగ్గలేదు.

చదువుకున్నవాళ్ళు ఈ వ్యవస్థకు బయట ఉన్నారనుకోవడం పొరపాటు. నర్సింగ్‌హోం ఉన్న బిల్డింగు ఎవరిది? ప్రైవేటు స్కూలుకు స్థలమిచ్చిందెవరు? హాస్టలుకు పాలు, కూరగాయలు ఎవరి మనుషులు తోలుతారు? వార్డెన్ బదిలీకి ఎవరి లెటరు కావాలి? నాకు పరిచయమున్న ఒక గవర్నమెంటు టీచరు దాచకుండా చెప్పినాడు: "చట్టం తెలుసు సామీ. ఆర్నెల్లు జైలనీ తెలుసు. ఆ జైలు ఎప్పుడో వస్తాదో రాదో. వీళ్ళు రేప్పొద్దునే ఇంటికొస్తారు." ఆయన్ను ఇంకో సదస్సుకు పిలిచి ఏం నేర్పిస్తాం?

పోక్సో కేసులో రాజీ అనేది చెల్లదు. నేరస్తుణ్ణి కాపాడటానికి డబ్బు ఇవ్వజూపడం శిక్షాస్మృతిలో విడిగా ఒక నేరం. అయినా చెప్పనందుకు ఆయా మీద కేసు పెట్టడం తేలిక, రాజీ కూచోబెట్టిన పెద్దమనిషి మీద పెట్టడం కష్టం. ఆ గదిలో కూచున్న ప్రతి ఒక్కరికీ నేరం సంగతి తెలుసు. 19వ సెక్షన్ 'ఎవరైనా' అంది కాబట్టి వాళ్ళందరూ అందులోకి వస్తారు. ఈ పాయింటు మన లాయర్లు పట్టుకోవాలి.

ప్రొద్దుటూరులో 2022లో ఒక దళిత బాలిక మీద పలువురు కొంతకాలంగా చేస్తూ వచ్చిన అత్యాచారం బయటపడింది. కేసు పెట్టడంలో జాప్యం జరిగిందన్న ఆరోపణలు వచ్చినాయి, అది పార్టీల మధ్య రచ్చ అయింది. ఆ అమ్మాయి గురించి ఇంతకు మించి రాయను. బిడ్డ ఆనవాలు తెలిసేటట్టు రాయకూడదని 23వ సెక్షన్ చెబుతోంది, చెప్పకపోయినా రాయకూడదు. నా ప్రశ్న పార్టీల గురించి కాదు. అంతమంది మసిలే టౌనులో ఒక బిడ్డకు కొంతకాలంగా ఇట్లా జరుగుతుంటే, మొదట తెలిసిన మనిషికీ పోలీసు రికార్డుకూ మధ్య ఎన్నిరోజులు, ఆ రోజులు ఎవరి చేతిలో గడిచినాయి? ప్రతి కేసులోనూ ఇది విడిగా లెక్కతీయాల్సిన విషయం. పార్టీలు నేరస్తుల కులం, పార్టీ లెక్కతీస్తాయి. మౌనంగా గడిచిన రోజుల లెక్క ఎవరూ తీయరు.

చంద్రపూర్ నుంచి ఒక తీర్పు

ఈ మౌనం సంగతి సుప్రీంకోర్టు సూటిగా మాట్లాడిన తీర్పు ఒకటుంది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక స్కూలు హాస్టల్లో ఆదివాసీ బాలికల మీద లైంగిక నేరాలు జరిగినాయి. బాధితులు 17 మంది. ఆ హాస్టలు పిల్లలకు వైద్యం చేసే డాక్టరుకు సంగతి తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ మీద కేసు పెట్టినారు. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో డాక్టరు మీద కేసు కొట్టేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, కేసు నడవాల్సిందేనంది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు అది నేరస్తులను కాపాడే ప్రయత్నమనీ, సకాలంలో చెప్పకపోతే వైద్యపరీక్షల ఆధారాలు పోతాయనీ ఆ తీర్పు సారాంశం.

మంచి తీర్పే. మౌనాన్ని నేరంలో భాగంగా చూసింది. అయితే దాన్ని మన దృష్టితో చదివితే ఇంకొకటి కనిపిస్తుంది. హాస్టలు, ఆదివాసీ పిల్లలు, ఆ పిల్లలను చూసే డాక్టరు, ఈ మూడూ ఒకచోట ఎందుకు కలిసినాయి? ఇంటి నుంచి దూరంగా, తల్లిదండ్రులు నెలకోసారి వచ్చి గేటు బయట నుంచి చూసిపోయేచోట, ఆ పిల్లలకు సంస్థ తప్ప దిక్కు లేదు. సంస్థ పరువే డాక్టరు పరువు, వార్డెన్ పరువు. బిడ్డ పరువు అనేదానికి అక్కడ ప్రతినిధి లేడు.

ఆ తీర్పుకు రెండు వారాల ముందే, 2022 అక్టోబరులో, హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్ కారు డ్రైవరు చిన్నపిల్ల మీద అఘాయిత్యం చేసిన సంగతి బయటికొచ్చింది. తల్లిదండ్రులు స్కూలు మీదికి పోయినారు. డ్రైవరును, నిర్లక్ష్యం ఆరోపణ మీద ప్రిన్సిపాల్‌ను అరెస్టు చేసినారు. 2023 ఏప్రిల్లో డ్రైవరుకు 20 ఏళ్ళ శిక్ష పడింది, ప్రిన్సిపాల్ నిర్దోషిగా బయటికొచ్చింది. ఆర్నెల్లలో తీర్పు రావడం మంచిదే, ప్రతి బిడ్డకూ అట్లాగే రావాలి. అయితే స్కూలు ముందుకు పోయి నిలబడి నిలదీసే తల్లిదండ్రులు ఉంటే యంత్రాంగం ఎంత వేగంగా కదులుతుందో ఇక్కడ చూశాం. మా హాస్టలు పిల్లోని కోసం వచ్చింది ఒక్క జేజి. ఆమె ట్రంకుపెట్టె మోసుకుపోవడానికే వచ్చింది.

కులం లేని పట్టిక

పోక్సో చట్టం 5, 9 సెక్షన్లలో ఏ సందర్భాల్లో నేరం మరింత తీవ్రమవుతుందో వరసగా చెప్పారు. చేసినవాడు పోలీసు అయితే, సైన్యంలో మనిషయితే, ఆసుపత్రి మనిషయితే, స్కూలు మనిషయితే, దగ్గర బంధువయితే. బిడ్డకు అంగవైకల్యం ఉంటే, బిడ్డ 12 ఏళ్ళ లోపుదయితే. మతకల్లోలాల్లో జరిగితే. ఇంత పొడుగు పట్టికలో కులం లేదు. ఎస్సీ, ఎస్టీ బిడ్డ మీద పైకులం మనిషి చేస్తే అనే సందర్భం రాయలేదు. బిడ్డ వయసు తెలిసిన చట్టానికి బిడ్డ వాడ తెలియదు.

ఆ పని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం చేస్తుందిలే అంటారు. కారంచేడు నెత్తుటి తర్వాత వచ్చిన చట్టం అది. నిజమే, రెండు చట్టాలూ కలిపి పెట్టాలి. కానీ చెప్పే డాక్టరుకు, టీచరుకు పోక్సో ఒక్కటే నేర్పిస్తారు. ఫిర్యాదులో కులం రాకపోతే రెండో చట్టం ఆలస్యమవుతుంది, పరిహారం ఆలస్యమవుతుంది, డీఎస్పీ స్థాయి దర్యాప్తు ఆలస్యమవుతుంది.

మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు పోయిన పటాన్ జమాల్ వలీ కేసు ఇక్కడ చదవాలి. 2021 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. బాధితురాలు పుట్టుకతో చూపులేని దళిత యువతి. ఆడమనిషి, దళితురాలు, చూపులేనిది అనే మూడు స్థితులను విడివిడిగా కాకుండా కలిపి చూడాలని కోర్టు వివరంగా రాసింది. అత్యాచార నేరానికి యావజ్జీవం ఖాయం చేసింది. అయినా కులం కారణంగా చేశాడనడానికి సాక్ష్యం లేదని అత్యాచారాల చట్టం కింద శిక్షను తీసేసింది. నేరం నాటికి ఉన్న పాత సెక్షన్ అట్లా ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో బాధితుల కులం తెలిసి చేస్తే చాలు. బాధితులతోగానీ వారి కుటుంబంతోగానీ నిందితునికి పరిచయముంటే కులం తెలుసనే కోర్టు భావించాలి. మా పల్లెల్లో ఎవరి కులం ఎవరికి తెలియదు? కాబట్టి ఇప్పుడు కులం రాయని ఫిర్యాదు సగం ఫిర్యాదు.

ఇదే చట్టంలో 4వ సెక్షన్ ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఈ చట్టం కింద చేయాల్సిన పని కావాలని చేయకపోతే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా శిక్ష. నోటితో చెప్పింది రాసి చదివి వినిపించడం, కేసు నమోదు చేయడం, కాపీ ఇవ్వడం ఇవన్నీ ఆ పనులే. కాకపోతే ముందు శాఖాపరమైన విచారణ జరిగి సిఫారసు రావాలి. పోక్సో 21వ సెక్షన్‌కు ఆ అడ్డు లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మన ఉద్యమానికి ఇంకా రాలేదు.

చట్టం పరుగెత్తే దారి

మనవాళ్ళలోనే ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాచకూడదు. చెప్పి తీరాలనే నియమం చివరికి మన పిల్లోళ్ళ మీదే పడుతుంది అంటారు. ఇందులో నిజముంది. 17 ఏళ్ళ పైకులం అమ్మాయి, 19 ఏళ్ళ మాల పిల్లోడు ఇష్టపడి వెళ్ళిపోతే ఆ సాయంత్రానికే కేసు రెడీ. అక్కడ ఎవరికీ అవగాహన సదస్సు అక్కర్లేదు. చట్టం దృష్టిలో 18 ఏళ్ళ లోపు ఇష్టానికి విలువ లేదు. బాల్యవివాహం చేసిన మన ఇళ్ళల్లో 16 ఏళ్ళ పిల్ల కాన్పుకు పీహెచ్‌సీకి పోతే అదీ చెప్పాల్సిన కేసే. భార్య వయసు 18 లోపు అయితే భర్త చేసినా అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ భయంతో కుటుంబాలు ఆసుపత్రికి రాకుండా ఇంట్లోనో ఆర్ఎంపీ దగ్గరో కానిచ్చుకుంటే చచ్చేది ఆ పిల్లే. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ ప్రమాదాన్ని కొంత గుర్తించింది. మైనరు అమ్మాయి గర్భస్రావానికి వచ్చినప్పుడు, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసుకు పంపే సమాచారంలో పేరు, వివరాలు రాయనక్కర్లేదంది.

అయినా చెప్పే బాధ్యతనే తీసేయాలనే వాదనతో నేను ఏకీభవించను. ఆ బాధ్యత లేని కాలం నేను చూశాను. అది మా హాస్టల్లో ఉన్న కాలం. ఆ కాలంలో పెద్దమనుషులకు సాయం చేసింది ఆ లేమి ఒక్కటే. నా వాదన ఏమిటంటే, చట్టం కింది నుంచి పైకి పోయేటప్పుడు నత్తలా, పైనుంచి కిందికి దిగేటప్పుడు గుర్రంలా నడుస్తోంది. దాని నడక మార్చడం మన పని.

మనం చేయాల్సింది

టీచర్లుగా, విద్యార్థులుగా, కార్యకర్తలుగా రేపు మన చేతిలో ఉండే పనులు కొన్ని చెబుతాను. ఒకటి, చెప్పినప్పుడు నోటిమాటతో తిరిగి రావద్దు. ఎంట్రీ నెంబరు అడగండి. అది మీ హక్కు, అది లేకపోతే 'దృష్టికి రాలేదు' అనే కాగితమే గెలుస్తుంది. రెండు, బిడ్డ ఎస్సీ, ఎస్టీ అయితే ఆ మాట మొదటి ఫిర్యాదులోనే రాయించండి. మూడు, బిడ్డ స్టేట్‌మెంటు స్టేషన్లో కాదు, ఇంటి దగ్గరో బిడ్డకు ఇష్టమైనచోటో తీసుకోవాలి, తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. ఇవన్నీ 24వ సెక్షన్‌లో ఉన్నాయి. నాలుగు, 'ఈ బిడ్డేనా' అని బడిలో, వాడలో విచారించొద్దు. దర్యాప్తు మన పని కాదు, అనుమానం చెప్పడం మన పని.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే అయితే నేను దీన్నే అడుగుతాను. హాస్టల్లో, ఆసుపత్రిలో, అంగన్‌వాడీలో ఇట్లాంటి సంగతి చెప్పిన మనిషిని కేసు తేలేదాకా పనిలోంచి తీయకూడదు, తీస్తే తీసినవానికి శిక్ష ఉండాలి. ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టులోనే ఈ షరతు రాయొచ్చు. దీనికి పార్లమెంటు దాకా పోవాల్సిన పనిలేదు.

ఆ వంటామెను పోయినేడాది కలిశాను. హాస్టలు పని పోయినాక చీనీ తోటల్లో కూలికి పోయిందట. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటి దగ్గరే ఉంది. నేను పరిశోధన, చట్టం, సెక్షన్ అంటూ ఏదో చెప్పబోతే మధ్యలో ఆపి, "ఆ పిల్లోడు యాడుండాడో ఏమన్నా తెలుసునా నాయనా?" అని అడిగింది. తెలియదన్నాను. ఆ ప్రశ్న ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగి ఉంటారా అని తిరిగొచ్చే బస్సులో ఆలోచిస్తూ కూచున్నాను.